గాజు తొట్టిలో సముద్రాన్ని చూపిన గోస్
ఇంట్లో ఉప్పునీటి తొట్టి పెట్టి బుజ్జి క్లౌన్ ఫిష్‌ను సాకేవారంతా పలికే 'అక్వేరియం' అన్న మాటను జనంలోకి తెచ్చినవారు ఇంగ్లండ్ ప్రకృతివేత్త ఫిలిప్ హెన్రీ గోస్ (1810-1888). డెవన్ తీరంలో ఏరి తెచ్చిన సముద్రజీవులను, నాచు వదిలే ఆక్సిజన్‌ ఆసరాతో, నీరు మార్చకుండా నెలల తరబడి బతికించారు. 1853లో లండన్ జూలో తెరిచిన తొలి పబ్లిక్ అక్వేరియానికి జీవులను సమకూర్చారు. మరుసటి ఏడాది ఆయన పుస్తకం 'ది అక్వేరియం' వచ్చింది. సముద్రం అందుబాటులో లేనివారి కోసం లవణాలు కలిపి కృత్రిమ సముద్రపు నీరూ తయారుచేశారు. మోజు అంటుకుంది. జనం తీరానికి ఎగబడి రాతి మడుగులను ఊడ్చేశారు. సృష్టిని దైవకార్యంగా కొలిచిన గోస్‌కు ఇది తీరని బాధ. ఆ తీరాల పూర్వపు అందం మళ్లీ ఎవరికీ కనబడదని కొడుకు ఎడ్మండ్ 1907లో రాశారు.