ఎడమ భుజం మీది మచ్చ: ఒక గొడ్ల డాక్టరు జీవితం

చొక్కా చెయ్యి పైకి జరిపి ఎడమ భుజం ఒకసారి చూసుకోండి. చాలామందికి అక్కడ చిన్న మచ్చ ఉంటుంది. అది క్షయ రాకుండా చిన్నప్పుడు వేసిన బి.సి.జి. టీకా మచ్చ. ఆ మూడక్షరాల్లో చివరిది ఒక మనిషి పేరు. ఆయన మనుషుల డాక్టరు కాదు, గొడ్ల డాక్టరు. పేరు కామిల్ గ్యురిన్.

ఈ సంగతి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, కోదాడ వైపు ఒక ఊళ్లో కూలి తల్లి కొడుక్కి పశువైద్య కాలేజీలో సీటొచ్చింది. మనుషుల డాక్టరు సీటు రాక గొడ్ల చదువుకు పోతున్నడని రచ్చబండ కాడ నవ్వులాట. పిల్లగాడు తల దించుకున్నడు. ఆ తల ఎత్తించాలనే ఈ నాలుగు మాటలు.

గ్యురిన్ 1872లో ఫ్రాన్స్ దేశం, పోయిటియర్స్ పట్నంలో పుట్టాడు. ఆయనకు పదేళ్లు రాకముందే, 1882లో తండ్రి క్షయతో చనిపోయాడు. ఆ రోజుల్లో క్షయకు మందు లేదు. అదే ఏడాది జర్మనీలో రాబర్ట్ కాక్ ఆ జబ్బుకు మూలమైన క్రిమిని కనిపెట్టాడు. శత్రువు ఎవరో తెలిసింది గానీ కొట్టే ఆయుధం దొరకలేదు.

గ్యురిన్ ఆల్‌ఫోర్ పశువైద్య కళాశాలలో చదివాడు. అక్కడ నోకార్ అనే పేరుగల పశువైద్యుడి కింద పని నేర్చుకున్నాడు. 1897లో లీల్ పట్నంలోని పాశ్చర్ సంస్థలో చేరాడు. దాని పెద్ద ఆల్బర్ట్ కాల్మెట్, మనుషుల డాక్టరు. గ్యురిన్ మొదట చేసింది పాము విషానికి విరుగుడు సీరం, మశూచి టీకా తయారుచేసే పని. మనుషుల డాక్టరు, గొడ్ల డాక్టరు ఒకే బల్ల ముందర కూర్చున్నారు. అసలు విషయం అక్కడే ఉంది.

క్షయ గొడ్లకూ వస్తుంది. జబ్బు ఆవు పాలు కాచకుండా తాగితే మనిషికీ అంటవచ్చు. పాలు కాచి తాగమని చెప్పేది ఇందుకే. గొడ్డు ఒళ్లు తెలిసినవాడికి ఈ దారి ముందు కనిపిస్తుంది. నోకార్ జబ్బు చేసిన ఆవు పొదుగు నుంచి తీసిన క్రిమినే ఇద్దరూ తీసుకున్నారు. క్రిములు ముద్దలు కట్టకుండా ఉండాలని ఆలుగడ్డ, గ్లిజరిన్‌తో పాటు ఎద్దు పైత్యరసం కలిపి పెంచారు. అట్లా పెంచితే క్రిమి బలం మెల్లమెల్లగా తగ్గుతున్నట్టు కనిపించింది. 1908లో గట్టిగా పని మొదలుపెట్టారు. మూడు వారాలకొకసారి క్రిమిని కొత్త తిండి మీదికి మార్చాలి. మార్చి, పశువుల మీద పరీక్షించాలి. ఇట్లా 230 సార్లు మార్చారు. పదమూడేళ్లు పట్టింది.

ఆ పదమూడేళ్లూ సాఫీగా గడవలేదు. 1914లో యుద్ధం వచ్చింది. లీల్ పట్నాన్ని జర్మన్ సైన్యం ఆక్రమించి 1918 దాకా వదల్లేదు. జనానికే తిండి కరువైన కాలంలో ప్రయోగశాలకు ఆలుగడ్డలు దొరకడమే కష్టమైంది. అయినా క్రిమిని చావనివ్వలేదు. 1918లోనే గ్యురిన్ భార్య కూడా క్షయకు బలైంది. తండ్రిని, భార్యను మింగిన జబ్బు అది. ఆయన మళ్లీ అదే బల్ల ముందర కూర్చున్నాడు.

1921లో పారిస్‌లో ఒక పసిబిడ్డకు ఈ టీకా మొదటిసారి నోటిద్వారా ఇచ్చారు. కన్నతల్లి క్షయతో చనిపోయింది. బిడ్డను పెంచాల్సిన అమ్మమ్మకూ అదే జబ్బు. ఆ బిడ్డ క్షేమంగా బతికాడు. తర్వాత 1930లో జర్మనీలోని ల్యూబెక్‌లో ఘోరం జరిగింది. టీకా వేయించుకున్న పసిపిల్లలు 70 మందికి పైగా చనిపోయారు. విచారణలో తేలిందేమంటే, అక్కడి ప్రయోగశాలలో బలమైన క్షయ క్రిమి టీకాలో కలిసింది. తప్పు టీకాది కాదు, జాగ్రత్త లేనితనానిది. కాల్మెట్ 1933లో పోయాడు. గ్యురిన్ 1961 దాకా బతికాడు.

మన దేశంలో బి.సి.జి. 1948లో మొదలైంది. టీకా తయారీ మద్రాసు గిండీలో. మన మదనపల్లె ఆరోగ్యవరం శానిటోరియం చుట్టుపక్కల పల్లెల్లో 1950 నుంచి టీకా మీద పరిశోధన నడిచింది. ఈ టీకా పసిపిల్లలను మెదడుకు సోకే ప్రాణాంతక క్షయ నుంచి బాగా కాపాడుతుంది. కానీ పెద్దవాళ్ల ఊపిరితిత్తుల క్షయను ఆపలేదని తమిళనాడు చెంగల్పట్టులో 1968లో మొదలైన పెద్ద పరిశోధనలో తేలింది. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో మూటలు మోసే హమాలీకి, నాట్లేసే తల్లికి ఇంకా గట్టి టీకా రావాల్సే ఉంది. గ్యురిన్ మొదలుపెట్టిన పని ఇంకా సగంలోనే ఉంది.

ఆ సగం ఎవరు చెయ్యాలె? కొత్త టీకా, కొత్త మందు మనిషికి ఇచ్చేముందు జంతువుల మీద పరీక్షించాలి. ఆ జంతువు జబ్బు, నొప్పి, తిండి తెలిసినవాడు పశువైద్యుడే. పిచ్చికుక్క కాటు జబ్బు, దొమ్మ, బ్రూసెల్లోసిస్ గొడ్డు నుంచీ జీవాల నుంచీ మనిషికి వచ్చేవే. ముందు అంటేది పేడ తీసేవాళ్లకు, పాలు పిండేవాళ్లకు, గొర్లు కాసేవాళ్లకు. అంటే మనకే.

తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులో పశువైద్య కాలేజీలున్నాయి. ఐదున్నరేండ్ల డిగ్రీ అయినంక పి.జి., ఆపైన పరిశోధన చెయ్యొచ్చు. అఖిల భారత పరీక్షలో మంచి ర్యాంకు వస్తే ఫెలోషిప్పు దొరుకుతుంది. ఒక్కటి మాత్రం దాచకుండా చెప్పాలి. పరిశోధన దారిలో జీతం ఆలస్యంగా స్థిరపడుతుంది. కూలి ఇంటి పిల్లలు ఆగిపోయేది ఇక్కడే. వాళ్లు చదువు మధ్యలో వదలకుండా ఫెలోషిప్పు నెలనెలా అందాలని, పరిశోధన ఉద్యోగాలు పర్మినెంటు చెయ్యాలని అడగడం మన సంఘం పని కూడా.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లలారా! గొడ్ల చదువు చిన్న చదువు కాదు. ఎవరన్నా నవ్వితే ఎడమ భుజం చూపించండి.