జవాబు చిన్నది, లెక్క పెద్దది: విశాఖకు పారిపోయి వచ్చిన రామానుజం

అరకులోయ: గణితంలో ప్రపంచఖ్యాతి గడించిన శ్రీనివాస రామానుజం 1905 ఆగస్టులో ఇంట్లో ఎవరికీ చెప్పకుండా పారిపోయి విశాఖపట్నం వచ్చారన్న సంగతి మన ప్రాంతంలో చాలామంది ఎరుగరు. అప్పటికి ఆయన వయస్సు పదిహేడేళ్లు. కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో లెక్కలు తప్ప మరో పాఠం పట్టించుకోక, ఇంగ్లీషులో తప్పి, స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నారు. తండ్రి బట్టల కొట్టులో గుమాస్తా. ఫీజు కట్టే స్తోమత లేదు. కుర్రవాడు కనబడక తల్లిదండ్రులు గాలించారు. మద్రాసు హిందూ పత్రికలో తప్పిపోయిన బాలుడని వార్త కూడా పడింది. కొద్దిరోజులకు ఆయన తిరిగి ఇల్లు చేరారు.

రామానుజం 1887 డిసెంబరు 22న ఈరోడులో పుట్టి, కుంభకోణంలో పెరిగారు. బడిలో ఉండగా పై తరగతి విద్యార్థి ఒకరు ఆయనను ఓ చిక్కులెక్క అడిగారట. రెండు అంకెలున్నాయి. మొదటిదాని వర్గమూలానికి రెండవ అంకె కలిపితే 7. మొదటి అంకెకు రెండవదాని వర్గమూలం కలిపితే 11. ఆ అంకెలేవి? వర్గమూలమంటే తెలియనివారికి, అయిదైదులు ఇరవైఅయిదు గనుక 25కు వర్గమూలం 5. రామానుజం అక్కడికక్కడే 9, 4 అని తేల్చేశారు. 9కి మూలం 3, దానికి 4 కలిపితే 7. 4కు మూలం 2, దాన్ని 9కి కలిపితే 11. జవాబు తెలిశాక సరిచూడడం సంతలో చిల్లర లెక్కపెట్టినంత సులువే. తెలియకముందు బీజగణితంలో దిగితే మాత్రం నాలుగవ ఘాతం దాకా పోయే సమీకరణం అది.

విశాఖ నుంచి వెళ్లాక మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో చేరారు. 1906లో ఎఫ్.ఏ. తప్పారు. 1907లో మళ్లీ తప్పారు. ఎఫ్.ఏ. అంటే నేటి ఇంటర్మీడియెట్ వంటిది. ఇందులో తప్పంతా కళాశాలదే అనలేం, నిబంధన అందరికీ ఒకటే కదా. కాని అంతటి లెక్కలవాడికి చదువుకునే దారి మూసుకుపోయిందన్నదీ నిజమే. ఒక్క సబ్జెక్టు పోయి పిల్లవాడు ఇంటికొచ్చేసిన ఇళ్లు మన ఏజెన్సీలోనూ ఉన్నాయి. ఆ బాధ వారికి వేరే చెప్పనక్కరలేదు.

ఉద్యోగం లేక తిరుగుతున్న రామానుజానికి నెల్లూరు కలెక్టరుగా ఉన్న ఆర్. రామచంద్రరావు నెలకు 25 రూపాయలు ఇస్తూ ఆదుకున్నారు. ఆ రోజుల్లోనే, 1911లో, భారత గణిత సంఘం పత్రికలో రామానుజం పాఠకులకు ఒక ప్రశ్న వేశారు. వర్గమూలంలో వర్గమూలం, అందులో మరొకటి, అలా అంతులేకుండా సాగే లెక్క. నెలలు గడిచినా ఎవరూ సాధించలేదు. చివరికి ఆయనే చెప్పారు. జవాబు 3! ఎలాగంటే, 3 అన్నది 9కి మూలం. రెండు నాలుగులు ఎనిమిది, దానికి 1 కలిపితే ఆ 9 వస్తుంది. అందులోని 4 అన్నది 16కు మూలం. మూడైదులు పదిహేను, 1 కలిపితే 16. అందులోని 5 అన్నది 25కు మూలం. నాలుగారులు ఇరవైనాలుగు, 1 కలిపితే 25. ఆ 6ను మళ్లీ ఇలాగే విప్పాలి. ఉల్లిపాయ పొరలకైనా అంతముంది గాని దీనికి లేదు.

1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా పని దొరికింది. మరుసటి ఏడాది కేంబ్రిడ్జి ఆచార్యుడు హార్డీకి లేఖ రాయడం, 1914 మార్చిలో ఓడ ఎక్కడం అందరికీ తెలిసినవే.

కేంబ్రిడ్జిలో ఒకరోజు రామానుజం పొయ్యి మీద కూర కలుపుతుండగా, మిత్రుడు మహలనోబిస్ పత్రికలో పడిన పొడుపులెక్క చదివి వినిపించారు. మన కొండ ఊళ్లలో వరసగా కట్టిన ఇళ్లను తలచుకోండి. 1, 2, 3 అని నంబర్లు వేశాం. ఒక ఇంటికి ఎడమవైపు నంబర్లన్నీ కూడితే ఎంతో, కుడివైపు నంబర్లు కూడినా అంతే రావాలి. 8 ఇళ్లుంటే అది 6వ ఇల్లు. 1 నుంచి 5 దాకా కూడితే 15. 7, 8 కలిపినా 15. 49 ఇళ్లుంటే 35వ ఇల్లు. పత్రికవారు అడిగింది 50కి పైన, 500కు లోపు ఇళ్లున్న వీధి. 288 ఇళ్లలో 204వది జవాబు. మహలనోబిస్ అంకెలు వేసి చూసుకుంటూ దాన్ని పట్టుకున్నారు. రామానుజం మాత్రం గరిటె తిప్పుతూనే, భిన్నం కింద భిన్నంగా సాగే ఒక్క లెక్క చెప్పి రాసుకోమన్నారు. ఇటువంటి వీధులన్నిటి జవాబులూ అందులోంచి వరసగా వస్తాయి.

1918లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. అప్పటికే జబ్బు ముదిరింది. 1919లో స్వదేశం చేరి, 1920 ఏప్రిల్ 26న 32 ఏళ్లకే మద్రాసులో కన్నుమూశారు. రుజువులు లేకుండా ఆయన నోటుపుస్తకాలలో రాసిపెట్టిన వేల ఫలితాలను సరిచూడడానికి పండితులకు దశాబ్దాలు పట్టింది.

ఆయన పుట్టిన డిసెంబరు 22ను 2012 నుంచి జాతీయ గణిత దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజున మన ఆశ్రమ పాఠశాలల పిల్లలను వీధి లెక్క అడగవచ్చు. కిటుకు ఒకటుంది. 35ను 6తో గుణిస్తే 210, అందులోంచి ముందరి ఇంటి నంబరు 6 తీసేస్తే 204. దాని తరువాతి ఇల్లు ఏదో పిల్లలే తేల్చగలరు.