లంగరు, డాల్ఫిన్: ఆల్డస్ మనూషియస్ జీవితము

ఐరోపాలో అచ్చుపని ప్రబలిన తొలినాళ్ళలో గ్రంథములు పెద్దవి, బరువైనవి. విద్య పండితుల బల్లలకును, మఠముల బీరువాలకును చాలవరకు పరిమితమై యుండెను. ఆ కట్టును సడలించినవారిలో అగ్రగణ్యుడు ఆల్డస్ మనూషియస్.

ఇతడు 1450 ప్రాంతమున రోము నగరమునకు దక్షిణమున నున్న బస్సియానోలో జన్మించెను. లాటిన్, గ్రీకు భాషల నభ్యసించి, కార్పి సంస్థానపు రాజకుమారులకు గురువై యుండెను. సుమారు నలువది యేండ్ల వయస్సున వెనిస్ నగరమునకు వచ్చెను. 1453లో కాన్‌స్టాంటినోపుల్ తుర్కుల వశమైన పిదప గ్రీకు పండితులు పలువురు వ్రాతప్రతులతో ఇటలీ చేరియుండిరి. ఆ ప్రతులు నశింపకుండ అచ్చొత్తించుటయే ఆల్డస్ సంకల్పము. 1495 మొదలు 1498 వరకు అరిస్టాటిల్ గ్రంథములను 5 సంపుటములుగా గ్రీకు భాషలో వెలువరించెను.

1501లో వర్జిల్ కావ్యములను చేతిలో నిముడు చిన్న పుస్తకముగా ప్రకటించెను. కాగితమును 8 ఆకులగునట్లు మడచి, గ్రిఫో అను నిపుణుడు చెక్కిన వాలు అక్షరములతో ముద్రించిన ఆ పుస్తకమును చదువరి ప్రయాణమందును వెంట గొనిపోగలిగెను.

1502 నాటికి ఆతని గ్రంథములపై లంగరును చుట్టుకొన్న డాల్ఫిన్ చిహ్నము వెలసెను. మిత్రుడు పియెట్రో బెంబో యొసగిన ప్రాచీన రోమను నాణెము దానికి మూలము. డాల్ఫిన్ వేగమునకును, లంగరు నిలుకడకును గుర్తులు. పని చురుకుగా సాగవలెను, తప్పు దొరలరాదు అనుట దాని యాంతర్యము.

ఇంతలో ఫ్రాన్సునందలి లియాన్ నగర ముద్రాపకులు ఆతని అక్షరములను, పుస్తకముల పరిమాణమును అనుకరించి దొంగప్రతుల నమ్మసాగిరి. ఆల్డస్ 1502లో వెనిస్ సెనేటు నుండియు, పోపు నుండియు ప్రత్యేకాధికారములను బడసెను. కాని వెనిస్ శాసనము లియానులో చెల్లలేదు. 1503లో ఆతడు దొంగప్రతులలోని తప్పులను ఎత్తిచూపుచు ఒక ప్రకటన వెలువరింపగా, ఆ ముద్రాపకులు దానినే చూచి తమ తప్పులను దిద్దుకొనిరి!

విద్యను పంచబూనినవాడే అక్షరముల రూపమునకు కంచె వేయజూచుట వింతగా తోచవచ్చును. అందు స్వలాభము లేకపోలేదు. కాని తప్పులతడకయైన ప్రతి వలన జ్ఞానమునకు గలుగు కీడును ఆతడెరుగును. ఆ కంచె నిలువలేదు. వాలు అక్షరములు ఐరోపాయంతట వ్యాపించెను.

1515 ఫిబ్రవరి 6న ఆల్డస్ మరణించెను. చర్చిలో ఆతని భౌతికకాయము చుట్టును గ్రంథములను పేర్చి గౌరవించిరి. పుస్తకము చేతికందుట యెంత ముఖ్యమో, అందలి పాఠము నమ్మదగినదగుటయు నంత ముఖ్యమని ఆతని జీవితము గ్రంథాలయ పాఠకులకు బోధించుచున్నది.