అరవై దాటాక విచ్చిన పువ్వు

జపాన్‌లో చెక్క అచ్చుల బొమ్మలంటే హిరోషి యోషిదా పేరు చెబుతారు. ఆయన భార్య ఫుజియో సంగతో?

1887లో పుట్టిన ఆవిడది చిత్రకారుల ఇల్లు. తండ్రి దత్తత తీసుకున్న హిరోషితో పదహారేళ్లకే, 1903లో, అమెరికా ఓడెక్కింది. తన నీటిరంగుల పల్లె దృశ్యాలు అక్కడ ప్రదర్శించింది. 1907లో ఆయన్నే పెళ్లాడింది (మన ఇల్లరికంలాంటిదే అనుకోండి!).

తర్వాత సంసారం, పిల్లలు. కుంచె వదల్లేదుగానీ పేరంతా భర్తదే. 1950లో ఆయన పోయేనాటికి ఆవిడకు అరవైరెండు. ఇంకొకరైతే మూల కూర్చునేవారే. ఫుజియో చెక్క అచ్చులు పట్టుకుంది. 1953, 54ల్లో ఒక్కో పువ్వును కాగితమంతా నిండేలా పెంచి, రేకు రేకుకీ రంగు అద్దింది. అందులో కొండల్లేవు, వాగుల్లేవు, భర్త శైలి జాడైనా లేదు.

నిండా నూరేళ్లకు చేరువై 1987లో కన్నుమూసింది. కోడలు చిజుకో, మనవరాలు అయోమీ కూడా అచ్చుల బొమ్మలే వేశారు.