తల్లీబిడ్డల కోసం ఒక జీవితం

పురుటిగదిలో బిడ్డ తొలి ఏడుపు వినబడగానే బయట కూర్చున్నవారంతా ఊపిరి పీల్చుకుంటారు. కాని ఆ సంతోషం కొందరికి అంతలోనే ఆవిరవుతుంది. నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టిన పసికందును ఇంటెన్సివ్ కేర్‌లో ఉంచాలని డాక్టర్లు చెప్పినప్పుడు పేద తండ్రి నోట మొదట వచ్చే ప్రశ్న, రోజుకు ఎంతవుతుందన్నదే. ప్రాణం నిలిపే వైద్యం ఎక్కడో ఉంటే చాలదు, అది పేదవాడికి అందాలి. ఈ సత్యాన్ని 19వ శతాబ్దంలోనే గ్రహించి, గుంటూరు గడ్డపై దానికోసం తన జీవితాన్ని ధారపోసిన దైవసేవకురాలు డాక్టర్ అన్నా సారా కుగ్లర్.

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, ఆర్డ్‌మోర్‌లో 1856 ఏప్రిల్ 19న ఆమె జన్మించారు. స్త్రీలు డాక్టర్లు కావడమే అరుదైన ఆ రోజుల్లో, 1879లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాల నుంచి పట్టా పొందారు. స్వదేశంలో మంచి ఉద్యోగం ఉంది, గౌరవం ఉంది. అయితే గుంటూరు ప్రాంతంలో వైద్యం అందక స్త్రీలు పడుతున్న అవస్థను వివరిస్తూ ఒక మిషనరీ రాసిన ఉత్తరం ఆమెను కదిలించింది. 1842లో ఫాదర్ హయ్యర్ అడుగుపెట్టిన నాటి నుంచి గుంటూరులో లూథరన్ మిషన్ పరిచర్య జరుగుతున్నా, స్త్రీలకు వైద్యం చేసే డాక్టరమ్మ మాత్రం అక్కడ లేదు.

వెళ్తానని ఆమె ముందుకొచ్చారు. కాని లూథరన్ స్త్రీల మిషనరీ సంఘం వైద్య పరిచర్యకు ఇంకా సిద్ధంగా లేదు. ఘోషా ఇళ్లలోని స్త్రీలకు, బాలికలకు చదువు చెప్పే పనికైతే పంపుతామన్నారు. డాక్టరు చదువు చదివి అక్షరాలు నేర్పడమేమిటని మరొకరైతే ఆగిపోయేవారేమో! ఆమె ఆగలేదు. అప్పగించిన పనిని తలవంచి స్వీకరించారు. అయితే నేర్చిన వైద్యాన్ని వెనుక వదిలి రాలేదు. 1883 నవంబరులో గుంటూరు చేరి, పాఠాలు చెబుతూనే తన దగ్గరికి వచ్చిన రోగులను చూడసాగారు. మొదటి ఏడాదిలోనే వందలమందికి వైద్యం చేశారు. చివరికి 1885 డిసెంబరులో సంఘం ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. దేవుడు తెరిచిన తలుపును మనుషులు చూసేసరికి రెండేళ్లు పట్టింది!

ఆనాటి పురుళ్లు ఇళ్లలోనే, మంత్రసానుల చేతులమీదుగా జరిగేవి. కాన్పు కష్టమైతే మగ డాక్టరును లోపలికి రానిచ్చేవారు కాదు. ప్యారిస్‌లో స్టెఫాన్ టార్నియే పసికందులకోసం ఇంక్యుబేటర్లు వాడటం మొదలుపెట్టింది 1880ల తొలినాళ్లలోనే. అదే దశాబ్దంలో గుంటూరు తల్లికి ఒక మంచం, శుభ్రమైన చేతులు దొరకడమే గగనం. పైగా పరదేశి, క్రైస్తవురాలు కాబట్టి కొన్ని ఇళ్లలో ఆమెను మైలగా ఎంచేవారు. ఆ అవమానాన్ని ఆమె మనసులో పెట్టుకోలేదు. పిలిచిన గడపకు మళ్లీ మళ్లీ వెళ్లారు.

ఇళ్లకు వెళ్లి చూడటంతో సరిపోదని ఆమెకు త్వరగానే అర్థమైంది. తల్లి వచ్చి చేరడానికి ఒక చోటుండాలి. అక్కడ రాత్రంతా మెలకువగా ఉండి చూసుకునే నర్సులుండాలి. అమెరికాలోని లూథరన్ స్త్రీలు కొద్దికొద్దిగా పోగుచేసి పంపిన కానుకలతో ముందు డిస్పెన్సరీ, ఆ తర్వాత 1897లో 50 పడకల ఆసుపత్రి సిద్ధమయ్యాయి. స్థానిక యువతులకు అక్కడే నర్సింగ్ నేర్పారు. కులమతాలు అడగకుండా అందరినీ చేర్చుకున్నారు. తన కుటుంబానికి చేసిన వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు జమీందారు మంత్రిప్రగడ భుజంగరావు, దూరాల నుంచి వచ్చే రోగుల బంధువులు బస చేయడానికి ఆసుపత్రి దగ్గర సత్రం కట్టించారు. ఒకప్పుడు ఆమెను గడప బయట నిలబెట్టిన సమాజమే ఇప్పుడు ఆ పనిలో చేయి కలిపింది!

బ్రిటిష్ ప్రభుత్వం ఆమెను కైజర్-ఇ-హింద్ పతకంతో గౌరవించింది. ఆమె మాత్రం గుంటూరును విడిచిపెట్టలేదు. దాదాపు 47 ఏళ్ల సేవ తర్వాత 1930 జూలై 26న అక్కడే ప్రభువు నందు నిద్రించారు. ఆమె కట్టిన ఆసుపత్రిని కుగ్లర్ ఆసుపత్రి అని జనం ఆమె పేరుతోనే పిలుచుకున్నారు.

నిర్గమకాండంలో షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులున్నారు. పసిపిల్లలను చంపమని ఫరో ఆజ్ఞాపించినా, దేవునికి భయపడి ఆ పిల్లలను బతకనిచ్చారు. వారి భక్తి ప్రార్థనాగదిలో కాదు, పురుటి పీటల దగ్గర రుజువైంది. అందుకే దేవుడు వారి ఇళ్లను వర్ధిల్లజేశాడు. పెళ్లి చేసుకోని కుగ్లరమ్మకు కూడా దేవుడు ఎంత పెద్ద కుటుంబాన్నిచ్చాడు! ఆ ఆసుపత్రిలో కళ్లు తెరిచిన పిల్లలంతా ఆమె పిల్లలే కదా.

ఇప్పుడు జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నవజాత శిశువులకు ప్రత్యేక వార్డులున్నాయి. వార్మర్లు, వెంటిలేటర్లు వచ్చాయి. అయినా గాజుపెట్టెలో ఉన్న బిడ్డకోసం తాళి తాకట్టు పెట్టే తల్లులు మన మధ్య ఇంకా ఉన్నారు. మన పిల్లలకు పుట్టినరోజు రాగానే మందిరంలో కృతజ్ఞత కానుక సమర్పిస్తాం. మంచిదే. ఆ కానుకలో కొంత ఈ ఊరి ఆసుపత్రిలోని ఒక పేద బిడ్డ మంచం దాకా చేరితే అదెంత మంచి ఆరాధన! మిక్కిలి అల్పులైన వారికి చేసింది తనకే చేసినట్టని యేసుప్రభువు బోధించాడు. రెండు కిలోలైనా లేని ఆ పసికందుకన్నా అల్పులెవరు? జాలిపడి వెళ్లిపోవడం అందరూ చేసేదే. ఆ జాలిని పేదవాడికి అందే ఒక మంచంగా, ఒక నర్సుగా, ఒక రాత్రి బసగా మార్చడమే విశ్వాసం. దేవుడు మనకూ ఆ కృప దయచేయును గాక. ఆమేన్!