ఎడ్గార్ కాడ్

ఎడ్గార్ ఫ్రాంక్ కాడ్ (ఆగష్టు 19, 1923 - ఏప్రిల్ 18, 2003) ఇంగ్లండులో జన్మించి అమెరికాలో స్థిరపడిన కంప్యూటరు శాస్త్రవేత్త. డేటాబేసులకు రిలేషనల్ నమూనాను ప్రతిపాదించినవాడు. సమాచారాన్ని ఒకదానిలో ఒకటి ఇమిడిన పొరలుగా భద్రపరచినప్పుడు తలెత్తే దోషాలకు మూలకారణాన్ని గణితశాస్త్ర పద్ధతిలో వివరించి, వాటికి నివారణ మార్గం చూపాడు. డేటాబేసుల రంగంలో చేసిన ఈ కృషికి 1981లో ఇతనికి ట్యూరింగ్ పురస్కారం లభించింది.

బాల్యం, విద్యాభ్యాసం

కాడ్ ఇంగ్లండు దక్షిణ తీరాన డార్సెట్ కౌంటీకి చెందిన పోర్ట్‌లాండ్ ద్వీపంలో జన్మించాడు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని ఎక్సెటర్ కళాశాలలో గణితము, రసాయన శాస్త్రము అభ్యసించాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిషు వాయుసేనలో విమానచోదకునిగా పనిచేసాడు.

ఉద్యోగ జీవితం

1948లో న్యూయార్కుకు వెళ్ళి, ఐ.బి.ఎం. సంస్థలో ప్రోగ్రామరుగా చేరాడు. సెనేటర్ జోసెఫ్ మెకార్తీ సాగించిన కమ్యూనిస్టు వ్యతిరేక వేట నచ్చక 1953లో కెనడాకు తరలిపోయి, 1957లో తిరిగి అమెరికాకు వచ్చాడు. 1965లో మిచిగన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. జాన్ వాన్ న్యూమన్ 29 స్థితులతో నిర్మించిన, తననుతాను పునరుత్పత్తి చేసుకొనే యంత్ర నమూనాను ఇతని పరిశోధన 8 స్థితులకు కుదించింది. ఆ తరువాత కాలిఫోర్నియాలోని శాన్ హోసే పరిశోధనాలయంలో చేరాడు.

ఇమిడిన సమాచారంతో వచ్చిన చిక్కు

1960వ దశకంలోని డేటాబేసులలో సమాచారం చెట్టు కొమ్మల వలెనో, వలలోని ముడుల వలెనో అమరి ఉండేది. ఐ.బి.ఎం. వారి ఐ.ఎం.ఎస్. మొదటి కోవకు చెందినది. కావలసిన వివరాన్ని చేరడానికి ప్రోగ్రాము ఒక నిర్ణీతమైన దారిలో నడవవలసి వచ్చేది. ఆ అమరికను మార్చితే, అంతవరకు చక్కగా పనిచేసిన ప్రోగ్రాము విఫలమయ్యేది.

ఉదాహరణకు, ఒక కర్మాగారంలో ప్రతి ప్రాజెక్టు క్రింద దానికి కావలసిన విడిభాగాల వివరాలను ఇమిడ్చి ఉంచారనుకొందాము. ఒకే విడిభాగం పది ప్రాజెక్టులలో వాడితే దాని ధర పది చోట్ల నమోదవుతుంది. తొమ్మిది చోట్ల మార్చి ఒకచోట మరచిపోతే డేటాబేసు పరస్పర విరుద్ధమైన జవాబులు ఇస్తుంది. ఆ భాగాన్ని వాడే ఏకైక ప్రాజెక్టును తొలగిస్తే, భాగం వివరాలు కూడా అదృశ్యమవుతాయి. ఏ ప్రాజెక్టుకూ చెందని భాగాన్ని నమోదు చేయడానికి అసలు చోటే ఉండదు. ఈ దోషాలు ప్రోగ్రామరు అజాగ్రత్త వలన కాక, సమాచారపు అమరిక వలన పుట్టినవి.

రిలేషనల్ నమూనా

1970 జూన్‌లో ఎ.సి.ఎం. సంస్థ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో కాడ్ దీనికి పరిష్కారం ప్రతిపాదించాడు. అందులో ఒక ఉద్యోగి రికార్డును ఉదాహరణగా తీసుకొన్నాడు. ఉద్యోగిలో ఉద్యోగ చరిత్ర, దానిలో జీతాల చరిత్ర, వీటితో పాటు పిల్లల వివరాలు ఇమిడి ఉంటాయి. వీటిని నాలుగు విడివిడి పట్టికలుగా విడదీసి, ఉద్యోగి సంఖ్య వంటి గుర్తుల ద్వారా మరల కలుపవచ్చునని చూపాడు. ఈ ప్రక్రియకు నార్మలైజేషన్ అని పేరు. తరువాతి సంవత్సరాలలో రెండవ, మూడవ నార్మల్ రూపాలను నిర్వచించాడు. రేమండ్ బాయిస్‌తో కలిసి రూపొందించినది బాయిస్-కాడ్ నార్మల్ రూపంగా ప్రసిద్ధి చెందింది.

ఆదరణ, వివాదాలు

ఐ.ఎం.ఎస్. అప్పటికే వాడుకలో ఉన్నందున ఐ.బి.ఎం. ఈ ఆలోచనను ఉత్పత్తిగా మలచడంలో తొందరపడలేదు. 1974లో కాడ్‌కు, వల నమూనాను సమర్థించిన చార్లెస్ బాక్‌మన్‌కు మధ్య బహిరంగ చర్చ జరిగింది. ఐ.బి.ఎం. వారి సిస్టమ్ ఆర్, బర్క్లీ విశ్వవిద్యాలయం వారి ఇంగ్రెస్ ప్రయోగాలు ఈ నమూనా ఆచరణ సాధ్యమని నిరూపించాయి. సిస్టమ్ ఆర్ కొరకు డొనాల్డ్ చాంబర్లిన్, బాయిస్ రూపొందించిన భాషయే నేటి ఎస్.క్యు.ఎల్. ఒరాకిల్ 1979లోను, ఐ.బి.ఎం. వారి డి.బి.2 1983లోను వెలువడ్డాయి. అయితే పట్టికలో ఒకే వరుస రెండుసార్లు రావడాన్ని ఎస్.క్యు.ఎల్. అనుమతించడాన్ని కాడ్ తీవ్రంగా విమర్శించాడు. నిజమైన రిలేషనల్ డేటాబేసుకు ఉండవలసిన లక్షణాలను 1985లో నియమాలుగా ప్రకటించాడు. 12 నియమాలుగా పేరుపొందిన ఇవి సున్నాతో మొదలగుటచే నిజానికి 13.

1980వ దశకంలో ఆబ్జెక్టులలో ఆబ్జెక్టులను యథాతథంగా భద్రపరచే డేటాబేసులు వచ్చాయి. ఇవి ప్రోగ్రామరుకు సౌకర్యాన్ని కలిగించినా, లోపలి ఆబ్జెక్టును పలుచోట్ల నకలు చేసినప్పుడు కాడ్ హెచ్చరించిన దోషమే తిరిగి తలెత్తుతుంది. అందుచేత అటువంటి వ్యవస్థలలో కూడా నకలుకు బదులు గుర్తు ద్వారా సూచించడం క్షేమకరం.

చివరి రోజులు

1984లో ఐ.బి.ఎం.ను వీడి, క్రిస్ డేట్‌తో కలిసి సలహా సంస్థను నడిపాడు. 2003 ఏప్రిల్ 18న ఫ్లోరిడాలోని విలియమ్స్ ద్వీపంలో తన స్వగృహంలో గుండె వైఫల్యంతో 79వ ఏట మరణించాడు. 2004లో ఎ.సి.ఎం. డేటాబేసు విభాగం తన ఆవిష్కరణల పురస్కారానికి ఇతని పేరు పెట్టింది.