ఈమని శంకరశాస్త్రి – షడ్జం మరువని వీణ

రాయ్‌పూర్‌లో చదువుతున్న మనలో చాలామందికి ఇది మొదటి బడి కాదు. అమ్మకో నాన్నకో బదిలీ ఉత్తర్వు రాగానే సామాను సర్దుకోవడం మనకు అలవాటే. ఉద్యోగరీత్యా ఊళ్లు మారినా తన వీణను, తన బాణీని వదలని ఒక తెలుగువారి గురించి తెలుసుకుందాం.

ఈమని శంకరశాస్త్రి గారు 1922లో గోదావరి సీమలోని ద్రాక్షారామంలో జన్మించారు. తండ్రి అచ్యుతరామశాస్త్రి గారు పేరుపొందిన వైణికులు. కొడుకుకు వీణ నేర్పింది ఆయనే. తరువాత శాస్త్రి గారు మద్రాసు చేరి జెమినీ స్టూడియో సంగీత విభాగంలో పనిచేశారు. కచేరీలో ఒక్క రాగాన్నే అరగంట వాయించవచ్చు. సినిమాలో మొత్తం పాటకే దొరికేది మూడు నాలుగు నిమిషాలు. ఆయన రెండూ చేశారు. ఆపైన మద్రాసు ఆకాశవాణిలోనూ, తరువాత ఢిల్లీ ఆకాశవాణి వాద్యవృందంలోనూ పనిచేశారు. ఆ బృందంలో దక్షిణాది వాద్యాలూ ఉత్తరాది వాద్యాలూ ఒకేచోట మోగేవి.

వీణకు 24 మెట్లు, వాయించే తీగలు 4, పక్కన శ్రుతికీ తాళానికీ 3 తీగలు ఉంటాయి. దాని మీద వైణికులు చేసే ఒక కష్టమైన పని గ్రహభేదం. ఇదేమిటో మన బడి హార్మోనియం మీదే చూడవచ్చు. నల్లమెట్లు రెండు, మూడు చొప్పున గుంపులుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటిదాన్ని షడ్జంగా, అంటే ‘స’గా పెట్టుకుని వరుసగా నల్లమెట్లే వాయిస్తే మోహనం వినిపిస్తుంది. రెండోదాన్ని ‘స’ అనుకుంటే మధ్యమావతి, మూడోదాన్ని అనుకుంటే హిందోళం. రెండింటి గుంపులో మొదటిది ‘స’ అయితే శుద్ధసావేరి, రెండోది అయితే శుద్ధధన్యాసి. మెట్లు అవే అయిదు, రాగాలు అయిదు! మారింది ‘స’ ఒక్కటే.

అయితే కచేరీలో ఇది కత్తి మీద సామే. వేళ్లు కొత్త షడ్జం మీద ఆడుతున్నా పక్క తీగలూ తంబూరా పాత షడ్జాన్నే మోగిస్తూ ఉంటాయి. కొత్త రాగంలో ఎక్కువసేపు ఉంటే శ్రుతి తప్పినట్టు తోస్తుంది. మరీ త్వరగా వచ్చేస్తే రాగం మారిందనే తెలియదు. కొద్దిసేపు వినిపించి, అసలు షడ్జానికి సాఫీగా తిరిగి రావాలి. తోడుగా పాడేవారు లేరు కాబట్టి దారి తప్పితే కాపాడేది తన చెవి ఒక్కటే.

శాస్త్రి గారు హిందుస్తానీ విద్వాంసులతో జుగల్‌బందీలు కూడా వాయించారు. మన మోహనం అక్కడ భూపాలి, మన హిందోళం అక్కడ మాల్కౌంస్. స్వరాలు ఒకటే అయినా నడక వేరు. ఎదుటివారి నడకను విని గౌరవించాలి, తన నడకను విడవకూడదు. సాహిత్యం లేకుండా, వీణ నాదంతోనే కొండ ఎక్కడాన్ని స్ఫురింపజేసే ‘ఆదర్శ శిఖరారోహణం’ ఆయన స్వరరచనే. ప్రసిద్ధ వైణికులు చిట్టిబాబు ఆయన శిష్యులు. భారత ప్రభుత్వం శాస్త్రి గారిని 1974లో పద్మశ్రీతో గౌరవించింది. 1987లో ఆయన కన్నుమూశారు.

కొత్త బడిలో మొదటి వారం మనకు అన్నీ అపస్వరాలుగానే తోస్తాయి. భాష వేరు, బల్ల వేరు, పక్కన కూర్చునేవారు వేరు. అప్పుడు ఒకసారి హార్మోనియం దగ్గరకు వెళ్లి ఆ అయిదు నల్లమెట్లూ వాయించి చూద్దాం. మన దగ్గరున్న స్వరాలు ఎక్కడికీ పోలేదు. కొత్త ‘స’ చెవికి పట్టడానికి కొంచెం సమయం కావాలి, అంతే. ఇంటికి వచ్చి తెలుగులో మాట్లాడుకున్నప్పుడు మన పాత షడ్జం ఎలాగూ మోగుతూనే ఉంటుంది.